డాలీ పార్టన్ కొత్త ఎల్పీ: మొదటి పాటలోనే ముల్లు ఎగురుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అమెరికన్ కంట్రీ గాయని డాలీ పార్టన్ 1971 ఆల్బం ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ మళ్లీ ఎల్పీగా (వినైల్ రికార్డుగా) వచ్చిందంటే ఆశగా తెప్పించుకున్నాను. పేలికలు కలిపి అమ్మ కుట్టిన కోటు వేసుకుని బడికెళ్లిన పాప పాట అది. విన్నప్పుడల్లా మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత గుర్తొస్తుంది. తీరా పెడితే సరిగ్గా ఆ పాటలోనే ముల్లు రెండుచోట్ల ఎగిరి ముందుకు దూకుతోంది. చిటపటలు కూడా ఉన్నాయి. తర్వాతి పాటలు బాగానే వస్తున్నాయి. వాపసు పంపేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దండీ. అది మొదటి వైపు మొదటి పాట, అంటే రికార్డు బయటి అంచు. రికార్డు ఒంగితే ముందు తెలిసేది అక్కడే. ప్లేయర్ తిరుగుతుండగా కళ్లు రికార్డు ఎత్తుకి దించి పక్కనుంచి చూడండి. చుట్టుకోసారి ముల్లు పట్టిన చెయ్యి పడవలా లేచి దిగుతోందంటే ఒంపు ఉన్నట్టే. నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి చుట్టుకి 1.8 సెకన్లు. టక్‌మన్న చప్పుడు అదే లెక్కన వస్తుంటే ఒంపో గీతో అనుకోండి. ఎప్పుడు పడితే అప్పుడు వస్తే దుమ్ము, లేదా స్టాటిక్ (రాపిడితో పుట్టే విద్యుత్తు).

కొద్దిపాటి ఒంపుకే ఎగురుతోందంటే నా అనుమానం ముల్లు బరువు మీద, అంటే ముల్లు రికార్డు మీద ఎంత బరువుతో ఆనుతోందన్నదాని మీద. చాలా కార్ట్రిడ్జ్‌లకి (ముల్లు బిగించి ఉండే చిన్న భాగం) 2 గ్రాముల దగ్గర ఉండాలి, మీదానికెంతో దాని కాగితంలో చూడండి. ముల్లు ఉన్న చోట పైన నాణెం అంటించమని ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు, గాడి అరిగిపోతుంది. ఎండలో పెట్టి సాపు చేద్దామనీ అనుకోవద్దు.

ప్రశ్న: వంటింటి తూనికతో బరువు చూడొచ్చా? ఇంకోటి, మొత్తం 27 నిమిషాలే ఉంది, ఏమైనా కోసేశారా?

జవాబు: వంటింటిది పనికిరాదు. 0.01 గ్రాము చూపించే చిన్న తూనిక కొనండి. ఏమీ కోయలేదు, ఆల్బమే అంత. పది పాటలు, ఏడు డాలీ రాసినవి, మూడు ఆమెతో కలిసి పాడే గాయకుడు పోర్టర్ వాగనర్ రాసినవి. సగటున వైపుకి పద్నాలుగు నిమిషాలు కూడా లేకపోవడం ఎల్పీకి మేలే, గాళ్లు ఇరుకు కాకుండా చెక్కడానికి చోటుంటుంది. మీకిష్టమైన ఆ పాటని ఆమె 1969లో వాగనర్ బస్సులో, డ్రైక్లీనింగ్ రసీదు వెనక రాసుకుంది. అలాంటి పాట తెగకుండా వినాలి కదా!

అడిగినవారు: చూశానండీ, 1.3 గ్రాములే ఉంది! 2కి మార్చాక ఎగరడం పూర్తిగా ఆగింది. కార్బన్ ఫైబర్ బ్రష్ రెండు చుట్లు ఆనించి తీస్తే కాగితం కవరు నూగు తెల్లగా అంటుకుంది. చిటపటలు చాలావరకు పోయాయి. పాట మొదటినుంచి చివరిదాకా విన్నాను, చాలా థ్యాంక్స్.

జవాబు: సంతోషం. ఆ కాగితం కవరు మార్చేసి యాంటీ స్టాటిక్‌ది వాడండి. రికార్డుల్ని నిలువుగానే పెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు.