53 ఏళ్లకు ఎముకల లెక్క తీసుకోవచ్చా?

వలసపిట్ట: 24 ఏళ్లు బ్యాంకు ఆడిటులో పనిచేసి మానేశాను. ఇప్పుడు అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో మానవశాస్త్రం చదువుతున్నాను. తరగతిలో అందరూ మా అబ్బాయి ఈడువాళ్లే. మ్యూజియంల పెట్టెల్లో పడి ఉన్న ఆదివాసుల పూర్వీకుల అస్థికలను వారి తెగలకు అప్పగించే పనిలో చేరాలని ఉంది. అక్కడ 1990లోనే దీనికోసం నాగ్‌ప్రా చట్టం వచ్చింది. ఈ వయసులో, పైగా పరాయిదాన్ని, నేను ఇందులోకి రావచ్చా?

గడ్డపార: వయసు సంగతి అలా ఉంచండి. నేను తవ్వకాల్లో 31 ఏళ్లు గడిపినవాడిని. తిరిగి పూడ్చిన ఎముక ఇక మాట్లాడదు. కెన్నెవిక్ మనిషినే చూడండి. 1996లో మీ వాషింగ్టన్ రాష్ట్రంలోనే, కొలంబియా నది ఒడ్డున ఆయన అస్థిపంజరం దొరికింది, సుమారు 8,500 ఏళ్ల నాటివాడు. అప్పుడే తెగలకు ఇచ్చేసి ఉంటే 2015లో డీఎన్‌ఏ ఫలితం వచ్చేదా?

మధ్యాహ్నం: ఆ వయసులో క్యాంటీను తిండి అరుగుతుందా అమ్మా?

వలసపిట్ట: గడ్డపార గారూ, ఆ ఫలితం ఏం తేల్చింది? ఈనాటి ఆదివాసులకే ఆయన దగ్గరివాడని. వాళ్లు మొదటి రోజు నుంచీ చెప్పింది అదే కదా. కాదని కోర్టుకెక్కి 2004లో గెలిచింది శాస్త్రవేత్తలు. పోల్చి చూడటానికి తమ డీఎన్‌ఏ నమూనాలు ఇచ్చిందేమో అక్కడి ఆదివాసులైన కోల్‌విల్ తెగలవారు. 2017 ఫిబ్రవరి దాకా ఆయనకు మట్టి దక్కలేదు.

గడ్డపార: నేను కోర్టు సంగతి అడగలేదు. పరీక్ష లేకపోతే తెలిసేదా, లేదా?

వలసపిట్ట: మీకు తెలిసేది కాదు.

తెల్లజొన్న: వలసపిట్ట గారూ, మా మేనకోడలు అక్కడ ఒక మ్యూజియంలో ఈ పనే చేస్తోంది. రిజిస్టరులోని అంకె, పెట్టె మీది అంకె, లోపల ఉన్నది, మూడూ కలవవట. ఒక మనిషి దవడ ఒక పెట్టెలో, అదే మనిషి వెన్నుపూసలు నాలుగు అరల అవతల. నాగ్‌ప్రా చట్టం కింద వచ్చిన 2024 నిబంధనలతో తెగల అనుమతి లేనిదే ప్రదర్శనకూ పరిశోధనకూ వీల్లేదు. ఆడిటు చేసినవారే వాళ్లకు కావాలి.

గడ్డపార: మన ఈశాన్యంలోని నాగాల పూర్వీకుల అస్థికలు ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. 2024 అక్టోబరులో ఇంగ్లండులో ఒక నాగా పుర్రెను వేలానికి పెట్టి, గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. పోలవరం ముంపులో కోయల, కొండరెడ్ల ఊళ్లున్నాయి. అటు వెళ్లరేం? డాలర్లు రావనా?

వలసపిట్ట: డాలర్ల మాట వెనక్కి తీసుకోండి. మాది శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురానికి తరలించారు, సంతోషం. మా నాయనమ్మ సమాధి సంగతి నాన్న అడిగితే, పరిహారం పట్టికలో దానికి గడి లేదన్నాడట ఒక అధికారి. ఎండాకాలం నీరు తగ్గినప్పుడల్లా నాన్న బీటలు వారిన ఒండ్రులో నిలబడి, చింతమొద్దు దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టేవాడు. ఏ రెండేళ్లూ ఆ లెక్క ఒకేచోట ఆగలేదు. మీలాంటివారికి రాళ్లు కనిపించాయి, అంతే.

గడ్డపార: అదీ విషయం! మొదటి నుంచీ నన్ను దొంగ అంటున్నారన్నమాట. చెబుతాను వినండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి పక్కన రాకాసి గుళ్లు తవ్వాం, ఇనుప యుగపు సమాధులు. మొదటి పోటు వేసే ముందు కొబ్బరికాయ కొడతానన్నాడు మేస్త్రీ. వీళ్లు నీకేమైనా చుట్టాలా అని నవ్వాను. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగానే ఉంది. తవ్వినందుకు లేదు. మేము తవ్వకపోతే ఆ బండలు కంకర మిల్లుకు పోయేవి.

వలసపిట్ట: తవ్వారని కాదండీ, అడగలేదని.

గడ్డపార: ఎవరిని అడగాలి? అన్ని వేల ఏళ్ల నాటి మనిషికి వారసులెవరు?

వలసపిట్ట: కొబ్బరికాయ తెచ్చినవాడిని అడగాల్సింది.

మధ్యాహ్నం: ఇంతకీ ఆ ఎముకలు ఇప్పుడెక్కడ ఉన్నాయి సార్?

గడ్డపార: గోదాములో. పెట్టెల మీద నా చేతిరాతే ఉండాలి, చెదలు తినకపోతే.