మొదటి డీఎస్ఎల్ఆర్: బీచ్‌లో పాప ముఖం నల్లగా వస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

సీతమ్మధార_అమ్మ

అందరికీ నమస్కారం. చాలాకాలంగా అనుకుంటూ ఈమధ్యే కెనాన్ 1500డీ కెమెరా సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. దాంతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సు ఒక్కటే ఉంది. మా పాప యూకేజీ చదువుతోంది. దాని ఫోటోలు బాగా తీయాలన్నదే నా కోరిక.

ఆదివారం తెల్లవారగానే మన విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళాం. పాపని నీళ్ళ దగ్గర నిలబెట్టి, సూర్యుడు వెనక వచ్చేలా తీశాను. ఆకాశం ఎంత బాగా వచ్చిందో, ముఖం అంత నల్లగా వచ్చింది. పరిగెడుతుంటే తీసినవన్నీ అలికేసినట్టున్నాయి. మావారి ఫోన్లో తీసినవే నయం అనిపించింది. నేను అన్నీ కెమెరాయే చూసుకునే ఫుల్ ఆటోలో తీస్తున్నాను. అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ నేర్చుకుంటే తప్ప లాభం లేదని వీడియోల్లో చెబుతున్నారు, చూస్తుంటే కంగారుగా ఉంది. ఇంకో లెన్సు కొనాలా? పైగా వ్యూఫైండర్‌లో చూస్తే అంతా మసగ్గా ఉంటోంది. కెమెరాలోనే ఏదైనా లోపం ఉందేమోనని టెన్షన్. నాకు కళ్ళద్దాలున్నాయి.

బీచ్‌రోడ్_క్లిక్స్

అక్కా, ముందు 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు (వెలుగుని ఎక్కువగా లోపలికి రానిచ్చేది) తీసుకోండి. కెనాన్ లెన్సుల్లో చవకైన వాటిలో అదొకటి. వెనకంతా మసకబారి పాప ముఖం ఒక్కటే తేలి కనిపిస్తుంది. ఇంట్లో తక్కువ వెలుగులో కూడా బాగా పనికొస్తుంది. నా ఫోటోల్లో తేడా ఆ లెన్సుతోనే వచ్చింది.

పెళ్ళిపందిరి_ఫోటోలు

అమ్మా, నేను పెళ్ళిళ్ళ ఫోటోలు తీసేవాణ్ణి, రీళ్ళ కాలం నుంచీ ఇదే పని. ముందు మీ టెన్షన్ తీరుస్తాను. వ్యూఫైండర్‌ని ఆనుకుని ఒక చిన్న చక్రం ఉంటుంది, చూడండి. అది చూపుకి తగ్గట్టు సరిచేసుకునేది. పాత ఓనరు తన కంటికి పెట్టుకున్నది అలాగే ఉండిపోయి ఉంటుంది. ఎదుటి దృశ్యాన్ని చూస్తూ తిప్పకండి. లోపల కనిపించే ఫోకస్ గళ్ళు గీత గీసినట్టు స్పష్టంగా కనిపించేదాకా తిప్పండి. అద్దాలతో తీస్తారా, అద్దాలు తీసేసి తీస్తారా అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి.

ఇక ముఖం నల్లబడటం. దీనికి కొత్త లెన్సు అక్కర్లేదు. మన బీచ్‌లో వెలుగు ఏ పూట ఎటు నుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మనది తూర్పు తీరం. పొద్దున్న సముద్రాన్ని వెనక పెట్టి మనిషిని నిలబెడితే వెలుగంతా వీపు మీద పడుతుంది, ముఖం నీడలో ఉంటుంది. ఫోన్ ఒక్క నొక్కుకి లోపల చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి నీడని పైకి లేపుతుంది. అందుకే మీవారి ఫోటోలు నయం అనిపించాయి. మీ డీఎస్ఎల్ఆర్ ఒక్క ఫ్రేమే తీస్తుంది, ఎలా తీయాలో మీరు చెప్పాలి.

ప్రీవెడ్డింగ్‌కి వచ్చే జంటలు కూడా సూర్యోదయమే కావాలంటారు. వాళ్ళకి చెప్పేదే మీకూ చెబుతున్నాను. పొద్దున్న వెళితే మీరు నీళ్ళ వైపు ఉండండి, పాప సముద్రాన్ని చూస్తూ నిలబడాలి. అప్పుడే లేచిన ఎండ బంగారంలా ముఖం మీద పడుతుంది. మీ వీపు అలల వైపు ఉంటుంది కాబట్టి తడి ఇసకకి దూరంగా ఉండండి. నీళ్ళని, పాపని గమనించడానికి ఇంకో మనిషి పక్కనుండాలి. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, ఫోటో ధ్యాసలో ఆ సంగతి మరవకూడదు.

సముద్రం వెనకాల రావాలంటే సాయంత్రం రండి. సూర్యుడు ఊరి వైపు దిగుతుంటాడు, వెలుగు తిన్నగా ముఖానికి తగులుతుంది. బీచ్ రోడ్డు మీది బిల్డింగుల నీడ ఇసక మీదికి తొందరగా వచ్చేస్తుంది, అందుకని సూర్యాస్తమయానికి గంటన్నర ముందే చేరుకోండి. నీడ పడ్డాక కూడా కెమెరా బ్యాగులో పెట్టేయకండి. ఆ మెత్తటి వెలుగులో పిల్లలు కళ్ళు చికిలించరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన వేళ అదే.

వెలుగుని కొలిచే మీటర్ సంగతి తెలుసుకుంటే మిగతా సగం కూడా తేలిపోతుంది. ఫ్రేములో ఉన్నది పాపో పడవో కెమెరా మీటర్‌కి తెలీదు. కనిపించే వెలుగుని బట్టి మొత్తాన్ని ఒక మధ్యరకం బూడిద రంగు స్థాయికి తేవాలని చూస్తుంది. ఆకాశం ఎక్కువగా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, దాంతో ముఖం నల్లబడుతుంది. దాన్ని మనం సరిదిద్దాలంటే డయల్ ఏవీ మోడ్‌లో (లెన్సు ఎంత తెరుచుకోవాలో మీరు చెబితే షట్టర్ వేగం కెమెరా చూసుకునేది) పెట్టండి. వెనక ఉన్న ఏవీ ప్లస్ మైనస్ బటన్ నొక్కి పట్టుకుని పైనున్న చక్రం తిప్పండి. ప్లస్ 1 అంటే వెలుగు రెట్టింపు, మైనస్ 1 అంటే సగం. ఫుల్ ఆటోలో కెమెరా మిమ్మల్ని ఈ పని చేయనివ్వదు.

దీన్ని ప్రాక్టీస్ చేయడానికి కురుసుర సబ్‌మెరైన్‌ని మించిన చోటు లేదు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మన ఇసక మీద మ్యూజియంగా ఉంది. సాయంత్రం రోడ్డు వైపు నుంచి ఆ నల్లటి ఒళ్ళు ఫ్రేము నిండా వచ్చేలా తీయండి. నలుపు వెలిసిపోయి బూడిదగా వస్తుంది. మైనస్ 1 పెట్టి మళ్ళీ తీయండి, నలుపు నలుపులా కనిపిస్తుంది, రేకు మీది అతుకులు కూడా తెలుస్తాయి. తర్వాత ఒడ్డుకి వెళ్ళి నురగని ఫ్రేము నిండా తీయండి. ఈసారి తెలుపు మాసిపోయినట్టు వస్తుంది, ప్లస్ 1 పెడితే తెల్లబడుతుంది. ఆ నాలుగు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. గంట వీడియో చూసినా పట్టుబడని విషయం అక్కడ అర్థమవుతుంది.

మాన్యువల్ వస్తేనే ఫోటోగ్రఫీ వచ్చినట్టు అంటే నేను ఒప్పుకోను. వెలుగు మారకుండా ఉండే చోట, స్టేజీ మీద లైట్లు పెట్టుకున్నప్పుడు అది చాలా బాగుంటుంది. తలంబ్రాల వేళ మాత్రం ఏవీ మోడ్‌లోనే తీస్తాను, పెళ్ళికూతురి నవ్వు నా చక్రాల కోసం ఆగదు కదా. మీ పాపా అంతే.

పరుగుకి మాత్రం టీవీ మోడ్ (షట్టర్ వేగం మీరు చెప్పేది) పెట్టండి. షట్టర్ సెకనులో 1/500 వంతు, ఐఎస్ఓ (వెలుగుని అందుకునే శక్తి) ఆటో, ఫోకస్ ఏఐ సర్వో (కదిలేదాన్ని వెంటాడేది), గళ్ళల్లో మధ్యది ఒక్కటే ఎంచుకోండి. 1500డీలో ఉన్న తొమ్మిదింట్లో గట్టిగా పట్టేది అదే. లెన్సు మీది స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని ఆపుతుంది గానీ పాప పరుగుని ఆపలేదు. ఐఎస్ఓ పెరిగి కాస్త గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వచ్చినా బెంగ పెట్టుకోకండి. గ్రెయిన్ ఉన్న ఫోటో ఆల్బంలో పెట్టుకుంటాం, అలికేసింది పెట్టుకోలేం. మోకాళ్ళ మీద కూర్చుని పాప కళ్ళ ఎత్తులో తీయండి, నిలబడి పైనుంచి తీస్తే పిల్లలు పొట్టిగా, తల పెద్దగా కనిపిస్తారు.

తమ్ముడు చెప్పిన 50 మంచి లెన్సే. కాకపోతే 1500డీలో బొమ్మని పట్టే సెన్సరు చిన్నది, దాని మీద 50 పెడితే పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేము కెమెరా మీది 80లా దగ్గరగా కనిపిస్తుంది. ఫ్లాట్ హాల్లో వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డొస్తుంది. అందుకని ఉన్న లెన్సునే 55 దగ్గర పెట్టి కొన్నాళ్ళు ఇంట్లో, బయట తీసి చూడండి. ఆ దూరం మీకు నచ్చితే, వెలుగు చాలక ఇబ్బంది పడుతుంటే అప్పుడు కొనండి. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద కంటే పగలు కిటికీ పక్కన కూర్చోబెడితే ఈ లెన్సుతోనే బాగా వస్తాయి.

పెదజాలరిపేట_కుర్రోడు

పెద్దాయన చెప్పినదానికి తోడు ఒక మాట. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని తెల్లవారుజామున తిన్నగా బీచ్‌కి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. మన ఉక్కపోత సంగతి తెలిసిందే కదండీ. ముందురోజు రాత్రే బ్యాగుతో సహా హాల్లో పెట్టేయండి. ఇసకలో లెన్సు విప్పొద్దు. ఇంటికొచ్చాక చొక్కా అంచుతో తుడవకుండా ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మెత్తటి బట్ట వాడండి. ఉప్పుగాలికి బాడీని కొంచెం తడిబట్టతో తుడవడం మంచిది. దాచేటప్పుడు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. మన తేమకి లెన్సు లోపల ఫంగస్ పడుతుంది. మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి లెన్సులోంచి టార్చి వెలుగు పంపి, లోపల సాలెగూడు పోగుల్లాంటివి ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.

రంగులు కావాలంటే ఫిషింగ్ హార్బర్‌కి రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, నిదానంగా తీసుకోవచ్చు. మిగతా రోజుల్లో తెల్లవారగానే చేపల బేరాలతో హడావిడిగా ఉంటుంది. గంపలు మోసేవాళ్ళ దారికి అడ్డు నిలబడకుండా, అడిగి తీయండి. మా అమ్మా వాళ్ళు అక్కడే పనిచేస్తారు, అడిగితే సంతోషంగా నిలబడతారు, అడక్కుండా ముఖంలో లెన్సు పెడితే బాధపడతారు. నేవీ బోర్డులున్న వైపు మాత్రం కెమెరా ఎత్తకండి.

సీతమ్మధార_అమ్మ

అందరికీ చాలా థాంక్స్. చక్రం తిప్పగానే వ్యూఫైండర్ తేటగా అయిపోయింది! నిన్న సాయంత్రం సబ్‌మెరైన్ దగ్గర మాస్టారు చెప్పినట్టే నాలుగు ఫోటోలూ తీశాను, తేడా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. పాప కూడా తెర చూసి "ఇది నల్లది, ఇది తెల్లది" అని వేలు పెట్టి చూపించింది. ఇంకొక్క డౌటు. డిసెంబరులో పాడేరు దగ్గర వంజంగి కొండకి వెళుతున్నాం. అక్కడ మబ్బులు, సూర్యోదయం వెనకే కావాలి, పాప ముఖమూ కావాలి. అప్పుడెలా?

పెళ్ళిపందిరి_ఫోటోలు

అక్కడ రెండు రకాలుగా తీసుకోండమ్మా. మబ్బులు మాత్రమే తీసేటప్పుడు, సూర్యుడు రాకముందు ప్లస్ 1 దాకా పెట్టండి. లేకపోతే ఆ తెల్లటి పొగమంచు కూడా నురగలాగే మాసిపోయి వస్తుంది. సూర్యుడు ఫ్రేములోకి వచ్చాక మైనస్ వైపు తిప్పండి, రంగులు నిలబడతాయి.

పాపతో తీసేటప్పుడు పీ మోడ్‌లోకి (లెన్సు తెరుపు, షట్టర్ రెండూ కెమెరాయే చూసుకునేది) మార్చి, కెమెరా పైనున్న చిన్న ఫ్లాష్ లేపండి. ఏవీ మోడ్‌లో ఫ్లాష్ లేపితే చీకటి వేళ షట్టర్ బాగా నెమ్మదిస్తుంది, వెనకంతా చెదిరిపోతుంది. పాప మీకు రెండు మీటర్ల లోపు ఉండాలి, ఆ ఫ్లాష్ బలం అంతే. ముఖం మరీ తెల్లగా కొడితే మెనూలో ఫ్లాష్ కాంపెన్సేషన్ (ఫ్లాష్ వెలుగు సరిచేసేది) ఒక స్టాపు, అంటే సగానికి, తగ్గించండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఇంకోటి ఉంటే జేబులో వెచ్చగా పెట్టుకోండి. తీశాక రెండు మూడు ఇక్కడ పెట్టండి, ఎలా వచ్చాయో చూసి చెబుతాను.