‘డీహైడ్రోజినేస్’ తీసే హైడ్రోజన్ ఎక్కడిది?

ప్రశ్న: అందరికీ నమస్కారం. సూక్ష్మజీవుల మీద పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో ‘కార్బన్ మోనాక్సైడ్ డీహైడ్రోజినేస్’ అనే ఎంజైమ్ ఉంది. ఉదజనిని తీసేది కాబట్టి ‘ఉదజనిహారి’ అనుకున్నాను. ‘కార్బన్ మోనాక్సైడ్ ఉదజనిహారి’ అని రాయవచ్చా?

జవాబు: మాట చెవికి ఇంపుగా ఉందండీ. కానీ అది చదివిన పిల్లలు కార్బన్ మోనాక్సైడ్‌లో హైడ్రోజన్ ఉందనుకుంటారు. ఉన్నది ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, అంతే. మరి తీసేది దేన్ని?

ఆ హైడ్రోజన్ నీటిది. కార్బన్ మోనాక్సైడ్, నీరు కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. రెండు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. రెండేసి కలిపితే రెండు హైడ్రోజన్ పరమాణువులకు సరిపోతాయి, అందుకే డీహైడ్రోజినేస్ అన్నారు. ఎంజైముల అంతర్జాతీయ పట్టికలో దీనికి ఇంకో పొడుగు పేరు ఉంది: ‘కార్బన్ మోనాక్సైడ్, వాటర్: ఫెర్రెడాక్సిన్ ఆక్సిడోరిడక్టేస్’. ఫెర్రెడాక్సిన్ అంటే ఎలక్ట్రాన్లను అందుకుని మోసే ప్రోటీన్. వాడుకలో ఉన్న పేరు నీటిని మింగేసింది, ఈ పేరు చెప్పింది. నాకు ఇదే నిజాయితీగల పేరనిపిస్తుంది.

ఎంజైమ్ లోపల జరిగేది చూస్తే ఇంకా స్పష్టం. ప్రాణవాయువు గిట్టని బాక్టీరియాలో ఈ ఎంజైమ్ గుండెకాయ ఒక లోహపు గుత్తి: ఒక నికెల్, నాలుగు ఇనుము పరమాణువులు, వాటిని పట్టి ఉంచే గంధకం. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి నికెల్‌ను పట్టుకుంటుంది. నీటి నుంచి వచ్చిన హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట) పక్కనున్న ఇనుము మీద ఉంటుంది. ఆ రెండూ కలుస్తాయి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, ఎలక్ట్రాన్లు వేరే ఇనుము-గంధకం గుత్తుల మీదుగా సాగిపోతాయి. 2001లో ఈ నిర్మాణం బయటపడింది.

అప్పుడు చూసిన ఎంజైముల్లో ఒకటి కార్బాక్సిడోథెర్మస్ హైడ్రోజినోఫార్మన్స్ అనే బాక్టీరియాది. జపాన్ దగ్గరి కురిల్ దీవుల్లో ఒకటైన కునాషీర్‌లోని వేడినీటి ఊటలో దొరికిన జీవి ఇది. ‘హైడ్రోజినోఫార్మన్స్’ అంటే హైడ్రోజన్ తయారుచేసేది. ఎంజైమ్ విడిపించిన ఎలక్ట్రాన్లతో అది నిజంగానే హైడ్రోజన్ వాయువు వదులుతుంది. మీ వ్యాసంలో ఈ జీవిని తప్పకుండా పెట్టండి. ఎంజైమ్ పేరు దాచిన సంగతి దీని పేరులో కనిపిస్తుంది.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. ఇంకొకటి. కార్బన్ డయాక్సైడ్‌ను ‘బొగ్గుపులుసు వాయువు’ అంటాం కదా, మోనాక్సైడ్‌ను కూడా అలాగే అనవచ్చా?

జవాబు: వద్దండీ. ఇక్కడ పులుసు అంటే ఆమ్లం. డయాక్సైడ్ నీళ్లలో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుంది కాబట్టి ఆ పేరు దానికి తగినదే. మోనాక్సైడ్ అలా పుల్లబడదు. పైగా మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం తీసేది మోనాక్సైడే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పిల్లలకు ఈ రెండు వాయువుల తేడా తెలియడం ప్రాణాల మీది విషయం, ఒకే పేరుతో కలపకండి. ‘కార్బన్ మోనాక్సైడ్’ అనే రాయండి.

ఇంకొకరి వ్యాఖ్య: ‘ఆక్సీకరణి’ అంటే సరిపోదా? ఆక్సిజన్ చేరుతోంది కదా.

జవాబు: ఒకవైపుకు సరిపోతుందండీ. కానీ నికెల్ రకం వెనక్కి కూడా నడుస్తుంది. మూరెల్లా థెర్మోఅసెటికా లాంటి బాక్టీరియాలో అది కార్బన్ డయాక్సైడ్‌ను మోనాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ మోనాక్సైడ్ బయటికి రాదు, ప్రోటీన్ లోపలే ఒక సొరంగం గుండా పక్కనున్న ఇంకో ఎంజైమ్‌కు చేరి అసెటైల్ కోఎంజైమ్-ఎ అనే అణువు తయారీలో కలిసిపోతుంది. కణం తన కార్బన్‌ను సంపాదించుకునే దారి ఇది. దీన్ని ‘ఆక్సీకరణి’ అంటే సగం పని మరుగునపడుతుంది.

గాలి తగిలే చోట బతికే బాక్టీరియాలో మరో రకం ఉంది. దాని లోహాలు మాలిబ్డినం, రాగి. రాగి ఉన్న సంగతి 2002లో తేలింది. రెండు రకాలకూ పేరు ఒకటే, పోలికలు మాత్రం లేవు.

కాబట్టి నా సలహా: పేరును ‘డీహైడ్రోజినేస్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ఈ వాక్యం చేర్చండి. ‘కార్బన్ మోనాక్సైడ్‌నూ నీటినీ కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా, కొన్ని జీవుల్లో తిరిగి మోనాక్సైడ్‌గా మార్చే లోహపు ఎంజైమ్.’ కొంచెం పొడుగే. కానీ అందులో నీరు ఉంది, లోహం ఉంది, రెండు దిక్కులూ ఉన్నాయి.