టెర్రాఫార్మ్‌లో ఇండెక్స్ ఫీల్డ్ టైప్ మార్చడం ఎలా?

మా ఎలాస్టిక్‌సెర్చ్ (సెర్చ్ ఇంజిన్) ఇండెక్స్‌లన్నీ (డేటా ఉండే పట్టికల్లాంటివి) టెర్రాఫార్మ్‌లో (సెటప్‌ని కోడ్‌గా రాసుకునే టూల్) ఎలాస్టిక్‌స్టాక్ ప్రొవైడర్‌తో (ఈ రెండింటినీ కలిపే ప్లగిన్) రాసుకున్నాం. నిన్న ఒక ఫీల్డ్‌ని టెక్స్ట్ (పదాలుగా విడగొట్టి వెతికేది) నుంచి కీవర్డ్‌కి (మొత్తాన్ని ఒకే విలువగా చూసేది) మార్చి, ప్లాన్, అంటే ఏమేం మారతాయో టెర్రాఫార్మ్ ముందే చూపే జాబితా, సరిగ్గా చదవకుండానే (తప్పు నాదే) అప్లై కొట్టాను. పాత ఇండెక్స్ తీసేసి కొత్తది పెట్టబోయింది! డిలీషన్ ప్రొటెక్షన్ ఉండబట్టి ఎర్రర్‌తో ఆగింది, లేకపోతే డేటా అంతా గోవిందా.

ఉన్న ఫీల్డ్ టైప్‌ని అక్కడికక్కడే మార్చలేమని, రీఇండెక్స్ (డేటాని కొత్త ఇండెక్స్‌లోకి కాపీ) చేయాలని తెలుసు. కానీ అది ఒక్కసారి చేసే పని కదా, టెర్రాఫార్మ్‌లో ఎక్కడ పెట్టాలి? వీ2 పేరుతో ఇంకో ఇండెక్స్ పెట్టి, డేటా నేనే ఎక్కించి, ఏలియాస్ (ఇండెక్స్‌కి పెట్టే మారుపేరు) దానికి తిప్పుదామనుకుంటున్నా. ఏలియాస్‌ని బయట నుంచి మారిస్తే తర్వాతి ప్లాన్ మళ్లీ వెనక్కి తిప్పేస్తుందేమోనని టెన్షన్. సెర్చ్ ఆగకుండా ఇది చేసినవాళ్లు ఏది ముందు, ఏది తర్వాత చేశారో కాస్త చెప్పగలరా?