నీళ్లలో దిగి ప్రాణం కాపాడేవాళ్లకు పైసలు ఎవరివ్వాలి?

ఎడమకాలువ_గట్టు
హాలియా దాటాక సాగర్ ఎడమ కాలువ పక్కన మాది పంక్చర్ షాపు. పోయిన నెల రాత్రి పదకొండింటికి ఒక బైకు కాలువలోకి పోయింది, ఇద్దరున్నారు దాని మీద. మా ఊరి మత్స్య సహకార సంఘంలో నలుగురు లుంగీలు ఎగ్గట్టి దిగారు. నేను లారీ ట్యూబులో గాలి కొట్టి ఇచ్చాను. వాళ్ల బోటు అదే. ఒకతన్ని బతికించారు. రెండో అబ్బాయి తెల్లారాక చాలా కిందికి పోయి దొరికాడు. దిగినవాళ్లలో ఒకతని అరికాలు సీసా పెంకు గుచ్చుకుని తెగింది, ఆరు కుట్లు. ఆ కుట్ల డబ్బు కూడా అతనే పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఊళ్లో కుర్రాళ్లు చందాలేసి రబ్బరు పడవ, జాకెట్లు కొందామంటున్నారు. సర్పంచి వర్గం మాత్రం "అది సర్కారు పని, మనం మొదలుపెడితే వాళ్లు చేతులు దులుపుకుంటారు" అంటోంది. ఇంగ్లండ్‌లో ఉన్న మా బావమరిది ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంగతి చెప్పాడు. బ్రిటన్, ఐర్లాండ్ తీరాల్లో సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే సంస్థ అది. 1824 నుంచీ ఉంది. నడిచేది దాదాపు విరాళాల మీదే, పడవ ఎక్కేది ఎక్కువగా వాలంటీర్లే. అట్లాంటిది మన దగ్గర నడుస్తుందా?

పాలమూరు_పోరడు
అన్నా, సముద్రం చూడాలంటే మనం ఒక రాత్రంతా బస్సులో కూసోవాలె. వాళ్ల లెక్కలు మనకెందుకు?

పద్దుల_పంతులు
తమ్ముడూ, నీళ్లు ఉప్పగా ఉన్నా చప్పగా ఉన్నా పద్దు ఒకటే. ఆ సంస్థ కూడా 1854 నుంచి 1869 దాకా సర్కారు సొమ్ము తీసుకుంది, తర్వాత మానేసింది. సర్కారు ఇస్తోందని తెలిస్తే జనం చెయ్యి ముడుచుకుంటుంది, పైగా ప్రతి మేకుకూ ఫైలు కదలాలి. ఇప్పుడు వాళ్ల రాబడిలో పెద్ద వాటా వీలునామాలది. ముసలివాళ్లు పోతూ పోతూ పడవలకు రాసిపోతారు. మన దగ్గర వీలునామా చదివిన రోజు అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోకపోతే అదే పదివేలు, అది వేరే విషయం.

జర్మనీలో ఇంకో పద్ధతి. 1875 నుంచి హోటళ్లలో, దుకాణాల్లో చిన్న పడవ బొమ్మలాంటి డబ్బాలు పెడతారు, చిల్లర అందులో వేస్తారు. హుండీలో వెయ్యడం మనకు కొత్తా? నేను చందా వైపే.

మిల్లు_బజార్_మిర్యాలగూడ
పంతులుగారూ, మన్నించాలి, నేను ఒప్పుకోను. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుంటే ఆర్మీ, నేవీ, ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు దళం), సింగరేణి రెస్క్యూ టీములు, ఇరుకు సొరంగాల్లో చేతులతో తవ్వే ర్యాట్ మైనర్లు అందరూ వచ్చారు. అప్పుడు ఎవరైనా డబ్బా పట్టుకుని అడుక్కున్నారా? సింగరేణి వాళ్లకు జీతం ఉంది, ట్రైనింగ్ ఉంది. కాలువలో దిగేవాడికి మాత్రం లారీ ట్యూబా?

విపత్తుల్లో సాయపడే వాలంటీర్ల కోసం 2016లో మొదలైన ఆపద మిత్ర పథకం ఉంది. 12 రోజుల శిక్షణ, కిట్టు, బీమా ఇస్తారు. ఆ నలుగురినీ అందులో రాయించండి. చందా అంటే మాత్రం మా మిల్లర్ల గేటు దగ్గరికే వస్తారు, వినాయకుడికీ మేమే, దీనికీ మేమేనా!

పాలమూరు_పోరడు
సొరంగం టీవీల వచ్చింది కాబట్టి అందరొచ్చిన్రు సార్. బైకు పడితే ఏ టీవీ వస్తది? ఎన్డీఆర్‌ఎఫ్ విజయవాడ దిక్కు నుంచి కదిలేసరికి ఇక్కడ పెద్దకర్మ అయిపోతది.

గాజుల_రామారం_కోడలు
ఇందులో ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. మా ఆడపడుచు కొడుకు కృష్ణలో ఈతకు పోయి మునిగాడు. ఒడ్డున ఇద్దరు ఈతగాళ్లు ఇరవై వేలు అడిగారు. మా ఆయన పది అన్నాడు. కొడుకు నీళ్లల్లో ఉంటే గట్టు మీద బేరం. మా ఆడపడుచు ఒక్క మాట మాట్లాడకుండా చెవి కమ్మలు తీసి వాళ్ల తువ్వాల మీద పెట్టింది. వాళ్లు ఒక కమ్మ తిరిగిచ్చేశారు.

ఆ మనుషుల మీద నాకు కోపం లేదు. వాళ్లూ ఆ రోజు కూలి వదిలి వచ్చారు. కానీ ఆ బేరం ఇంకే తల్లికీ వద్దు. ఆ డబ్బు చందా నుంచి వస్తుందో, కలెక్టరాఫీసు నుంచి వస్తుందో నాకు పట్టింపు లేదు. నీళ్లలో దిగకముందే రేటు తేలిపోవాలి, ఇంటివాళ్లను అడగకూడదు. బ్రిటన్‌లో కాపాడినందుకు బిల్లు వెయ్యరు అంటారు కదా, నాకు ఆ ఒక్క ముక్క చాలు.

తుంగభద్ర_పుట్టి
నేను పుట్టి, అంటే గుండ్రటి వెదురు పడవ, నడిపేటోణ్ణి. మా అల్లుడు టైపు చేస్తున్నడు.

అమ్మా, బేరమాడినోళ్ల తరఫున నేను సిగ్గుపడుతున్న. కానీ ఒక మాట. 2009 అక్టోబరులో రాజోలి మునిగినప్పుడు మా నాయన రెండు రోజులు పుట్టి దింపలేదు. మిద్దెల మీది జనాన్ని తెచ్చిండు. ఒక కరెంటు స్తంభం తగిలి వెదురు విరిగింది, కింద తారు పూసిన పట్టా చినిగింది. నీళ్లు తీసినంక బియ్యం అందరికిచ్చిన్రు, మాకూ ఇచ్చిన్రు. పుట్టి సంగతి ఎవ్వరూ అడగలె. ఆ పుట్టి బాగయ్యేదాకా మా ఇంట్ల చేప లేదు. కృష్ణా పుష్కరాలొస్తే మాత్రం గజ ఈతగాళ్లు యాదికొస్తరు, 2016ల పన్నెండు రోజులు. మళ్ల 2028ల యాదికొస్తరు.

జాకెట్లు కొంటమంటున్నరు. జాకెట్ ఏసుకుని మునుగుడు కాదు, పైన తేలుతం. అది పుట్టిల కూసున్నోనికి. మునిగేటోనికి నడుముకు తాడు, నెత్తికి లైటు, నీళ్లడుగున వెతికే కొక్కేల గుత్తి, అదే పాతాళ గరిగె, ఒకటి చాలు. ఇంకొకటి, కాలువ నీళ్లు చూసుకునే లస్కర్ ఫోన్ నంబర్. కాలువల నీళ్లు తగ్గించకుంటే ఎంత మొనగాడైనా కొట్టుకపోతడు. రబ్బరు పడవ ముళ్ల కంపల చినిగితే మీ చందా ఆడనే పోతది.

నేనే తిరిగి రాకుంటే? అది చెప్పున్రి ముందు.

మిల్లు_బజార్_మిర్యాలగూడ
విపత్తు నిధి నిబంధనల్లో సహాయ పనిలో చనిపోయినవాళ్ల కుటుంబానికి కూడా 4 లక్షలు ఉంది పెద్దాయనా.

తుంగభద్ర_పుట్టి
వరదొస్తే విపత్తు. ఒక్కడు కాలువల పడితే అది విపత్తని ఎవరు రాస్తరు సారూ?

పద్దుల_పంతులు
ఆయన అడిగిందే అసలు ప్రశ్న. నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. 1981 డిసెంబరు 19 రాత్రి కార్న్‌వాల్ దగ్గర పెన్లీ లైఫ్‌బోటు ఒక ఓడలో వాళ్లను తేవడానికి పోయి, అందులో ఉన్న 8 మంది వాలంటీర్లూ తిరిగి రాలేదు. మౌస్‌హోల్ అనే చిన్న ఊరు వాళ్లది. జనం 30 లక్షల పౌండ్లకు పైగా పంపారు. ఆ డబ్బు మీద సర్కారు పన్ను మాటెత్తితే దేశమంతా గోల చేసింది. చందా మంచిదే, కానీ మనిషి పోయాక వరదలా వస్తుంది, పోకముందు బొట్లుబొట్లుగా వస్తుంది. కేరళలో 2018 వరదలకు జాలర్లు పడవలు తెస్తే సర్కారు రోజుకు 3,000 రూపాయలు, ఇంధనం ఇస్తామంది. ప్రాణం కాపాడినందుకు డబ్బు వద్దన్నవాళ్లూ ఉన్నారు. సరే, వాళ్ల గొప్పతనం వాళ్లది. విరిగిన పడవ బాగుచేయించే బాధ్యత మాత్రం సర్కారుదే.

కాబట్టి తాడు, లైటు ఊరు కొనాలి. బీమా, పోయిన రోజు కూలి సర్కారు ఇవ్వాలి. సాగర్ లాంచీ టికెట్ మీద ఐదు రూపాయలు వేసినా ఎవరూ ఏడవరు. మేళ్లచెర్వు, మట్టపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు కృష్ణ పక్కనే ఉన్నాయి, కంపెనీలు సేవకు పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు అడగొచ్చు.

మిల్లు_బజార్_మిర్యాలగూడ
ఊరు తాడు కొన్నాక బీమా సంగతి సర్కారుకు గుర్తుంటుందనుకుంటున్నారా? నాకు నమ్మకం లేదు. రాసిపెట్టుకోండి.

ఎడమకాలువ_గట్టు
అప్‌డేట్. రబ్బరు పడవ మానేశాం. షాపు కౌంటర్ మీద డబ్బా పెట్టాను. సర్పంచి వర్గం "తాళం ఎవరి దగ్గర" అని రెండు రోజులు పంచాయితీ పెట్టింది. చివరికి రెండు తాళాలు, ఒకటి సంఘం దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. ఆ నలుగురి పేర్లతో ఆపద మిత్రకు, బీమాకు దరఖాస్తు రాసి ఇచ్చాం. రసీదు అడిగితే మళ్లీ రమ్మన్నారు.

గాజుల_రామారం_కోడలు
తాళాలు సరే తమ్ముడూ. తాడు కొన్నారా?

ఎడమకాలువ_గట్టు
కొన్నాం అక్కా. వంద మీటర్లు. షాపు ముందు ట్యూబు పక్కనే కొక్కేనికి వేలాడదీశాను. లస్కర్ నంబర్ గోడ మీద పెయింట్‌తో రాశాం. తలకు పెట్టుకునే లైటు ఇంకా రావాలి.