సైకిలు మీద వెళ్తుండగా వ్యాను ఢీకొట్టింది: దింపు కార్మికుడికి నష్టపరిహారం ఎలా వస్తుంది?

లంకవాసి:

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. మా బాబాయి కొబ్బరి దింపు కార్మికుడు, వయసు 44 సంవత్సరాలు. రెండు నెలల క్రితం తెల్లవారుజామున సైకిలు మీద చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు దింపుకు వెళ్తుండగా, రొయ్యల ట్రేలతో వస్తున్న మినీ వ్యాను వెనుక నుంచి ఢీకొట్టింది. కుడి కాలు చీలమండకు పైన ఎముక రెండు చోట్ల విరిగి, ఆపరేషను చేసి రాడ్డు వేయవలసి వచ్చింది. నడవగలుగుతున్నారు గానీ చీలమండ వంగడం లేదు. కాళ్ళకు బంధం వేసుకొని చెట్టెక్కే పని ఇక సాధ్యం కాదని ఆయనకే తెలిసిపోయింది.

వ్యాను డ్రైవరే ఆసుపత్రికి చేర్చాడు, యజమాని మొదట్లో మందుల ఖర్చు కొంత భరించాడు. ఆ మొహమాటంతో మేము పోలీసులకు ఫిర్యాదు ఇవ్వలేదు. ఆసుపత్రి వారు మాత్రం ఎం.ఎల్.సి. (పోలీసు కేసు కాగల గాయమని ఆసుపత్రి రాసే మెడికో-లీగల్ కేసు రికార్డు) నమోదు చేశారు. ఇప్పుడు ఊరి పెద్దమనుషుల ద్వారా 60,000 రూపాయలు ఇస్తామని, ఇకపై ఎలాంటి హక్కూ కోరబోమని స్టాంపు కాగితం మీద సంతకం చేయాలని కబురు పంపారు. వైకల్యం 30 శాతం ఉండవచ్చని డాక్టరు గారు అన్నారు. ఇంత ఆలస్యమయ్యాక కేసు నిలుస్తుందా? ప్రమాదం పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగింది, మేము కోనసీమలో ఉంటున్నాం. ఏ కోర్టుకు వెళ్ళాలి? ఈ 30 శాతాన్ని బట్టే పరిహారం కడతారా?

తణుకు వకీలు:

ముందుగా ఆ స్టాంపు కాగితం సంగతి. బాబాయి గారి చేత దాని మీద సంతకం చేయించకండి. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను ప్రకారం, తప్పెవరిదో రుజువు చేయనవసరం లేకుండానే తీవ్ర గాయానికి ఇవ్వవలసిన మొత్తం 2,50,000 రూపాయలు. 60,000 దగ్గర బేరం మొదలుపెట్టిన వారికి ఈ విషయం తెలియదని నేను అనుకోను. అయితే ఆ రెండున్నర లక్షలతో సరిపెట్టుకోవడం కూడా మీ విషయంలో తెలివైన పని కాదు. బీమా సంస్థతో రాజీ పద్ధతిలో 164 కింద సొమ్ము పుచ్చుకుంటే ట్రైబ్యునల్లో (మోటారు ప్రమాద పరిహారం కేసులు విచారించే ప్రత్యేక న్యాయస్థానంలో) వేసిన పిటిషను అంతటితో ముగిసిపోతుంది. మీరు వెళ్ళవలసిన దారి 166వ సెక్షను. అక్కడ డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపించాలి, దానికి తగ్గట్టు పూర్తి నష్టాన్ని అడగవచ్చు.

ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమును అనుమానించకూడదని 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గాయపడిన మనిషిని బతికించుకోవడం ముందు, స్టేషనుకు వెళ్ళడం తరువాత అన్నది ఆ తీర్పు సారాంశం. మీకు ఎం.ఎల్.సి. ఉండడం పెద్ద బలం, ఎందుకంటే ప్రమాదం జరిగిన రోజే వాహనం ఢీకొట్టిందని ఆసుపత్రి రికార్డులోకి ఎక్కింది. ఆ నకలుతో రేపే ప్రమాదం జరిగిన పరిధిలోని స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, ఆలస్యానికి కారణం, యజమాని రాజీ మాటలతో సహా, దాచకుండా రాయండి. భారతీయ న్యాయ సంహిత 281, 125(బి) సెక్షన్ల కింద కేసు కడతారు. ఇక్కడ గడువు ముఖ్యం: 2022 ఏప్రిల్ 1 తరువాత జరిగిన ప్రమాదాలకు క్లెయిము పిటిషను ఆరు నెలల లోపల వేయాలని చట్టం అంటోంది. రెండు నెలలు ఇప్పటికే గడిచిపోయాయి.

కోర్టు విషయంలో బెంగ పడకండి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. గాయపడిన వ్యక్తి నివసించే ప్రాంతంపై అధికారమున్న ట్రైబ్యునల్లోనూ వేయవచ్చు. కుంటికాలితో ప్రతి వాయిదాకూ గోదావరి దాటనక్కరలేదు.

ఇక అసలు విషయం ఆ 30 శాతం. డాక్టరు చెప్పేది అవయవం ఎంత దెబ్బతిన్నదన్న లెక్క, ట్రైబ్యునల్ తేల్చవలసింది ఆ మనిషి సంపాదన ఎంత దెబ్బతిన్నదన్న లెక్క. ఈ రెండూ ఒకటి కావని 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. చేయి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే అతని సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టేనని, ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చునని ఆ తీర్పులోనే ఉంది. దింపు కార్మికుడి చీలమండకు కూడా అదే న్యాయం వర్తిస్తుంది. అదే తీర్పు మీకు ఎదురు తిరిగే చోటు కూడా ఉంది: ఒక కాలికి 30 శాతం అంటే మొత్తం శరీరానికి 30 శాతం కాదు. ధ్రువపత్రంలో ఏది రాశారో చూసుకోండి, ఆ డాక్టరు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పేలా చూసుకోండి.

అంకెల్లో తేడా ఎంతో చూడండి. నెల ఆదాయం 15,000 అని ట్రైబ్యునల్ ఒప్పుకుందనుకుందాం. 40 నుంచి 50 ఏళ్ళ మధ్య స్వయంగా సంపాదించుకునేవారికి భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ తీర్పు చెప్పింది కాబట్టి అది 18,750 అవుతుంది, అంటే ఏడాదికి 2,25,000. ఆయన వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం (ఏడాది ఆదాయాన్ని హెచ్చవేయవలసిన సంఖ్య) 14 కాబట్టి మొత్తం 31,50,000. దీనిలో 30 శాతం 9,45,000, సంపాదన నష్టం 70 శాతమని నిరూపించగలిగితే 22,05,000. వైద్య ఖర్చులు, బాధకు, మంచాన ఉన్న రోజుల కూలికి ఇచ్చేవి దీనికి అదనం.

అంబాజీపేట వ్యాపారి:

వకీలు గారు చెప్పిన 15,000 ఆదాయాన్ని నిరూపించడమే మన పనివాళ్ళకు కష్టం. దింపు వాళ్ళకు చెట్టుకు ఇంత అని చేతికి ఇస్తాం, రసీదు ఎవరూ రాయరు. మా దగ్గర దింపు చేసే ఒకరి కేసులో నేను సాక్ష్యం చెప్పాను. అప్పుడు పనికొచ్చింది నా చిట్టా పుస్తకమే: ఏ తోట, ఎన్ని చెట్లు, ఎన్ని కాయలు దిగాయి, దింపు కూలి ఎంత అన్నది తేదీలతో ఉంది. బీమా సంస్థ వకీలు ఆ పుస్తకం కేసు కోసం రాసిందేమోనని చాలాసేపు అడిగారు గానీ, మధ్యలో ఎరువుల బాకీలు, మా ఇంటి పాల లెక్క కూడా ఉండేసరికి ఆ మాట నిలవలేదు. మీ బాబాయి గారు ఎవరెవరి తోటల్లో దింపేవారో వారందరినీ ఇప్పుడే కలవండి. రెండు నెలలకోసారి దింపు ఉంటుంది కాబట్టి ఆయన స్థానంలో ఇప్పుడు వేరొకరు ఎక్కుతున్నారన్నది వారే చెప్పగలరు. అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డులో వృత్తి ఏమని నమోదైందో కూడా చూడండి.

లంకవాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇవాళ ఫిర్యాదు ఇచ్చి వచ్చాం. యజమాని తరఫువారు ఇప్పుడు కొత్త మాట అంటున్నారు: సైకిలుకు లైటు లేదు, బాబాయే హఠాత్తుగా రోడ్డు మధ్యకు తిరిగారు అని. లైటు లేని మాట నిజమే. సైకిలు ఇంకా మా పెరట్లోనే ఉంది, అమ్మేద్దామనుకుంటున్నాం.

తణుకు వకీలు:

అమ్మకండి, బాగు చేయించకండి, కడగను కూడా కడగకండి. హఠాత్తుగా అడ్డం తిరిగిన సైకిలుకు దెబ్బ పక్క నుంచి తగులుతుంది. వెనుక చక్రం రిమ్ము ముందుకు నొక్కుకుపోయి, మడ్‌గార్డు మీద వ్యాను రంగు అంటి ఉంటే, దెబ్బ ఎటు నుంచి తగిలిందో ఆ సైకిలే చెబుతుంది. అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, ఫిర్యాదుతో పాటు పోలీసులకు చూపించి, పంచనామాలో నమోదు చేయమని అడగండి.

లైటు లేకపోవడాన్ని బాధితుడి నిర్లక్ష్యంగా చూపించి పరిహారంలో కొంత శాతం కోయించడానికి బీమా సంస్థ తప్పకుండా ప్రయత్నిస్తుంది. దానిని నిరూపించే భారం వారిదే. హెడ్‌లైట్లున్న వాహనం వెనుక నుంచి వచ్చి ఢీకొట్టినప్పుడు ముందున్నవాడికి లైటు లేదనడం అంత బలమైన వాదన కాదు. బాబాయి గారు మాత్రం లైటు లేదన్న నిజాన్ని కోర్టులో ఒప్పుకోవాలి. ఆ ఒక్కటి దాస్తే మిగిలిన సాక్ష్యం మీద కూడా నమ్మకం పోతుంది.

నరసాపురం చెల్లెలు:

మా అన్నయ్యను సైకిలు మీద వెళ్తుండగా గుద్దిన బండి ఏదో ఇప్పటికీ తెలియలేదు. చెయ్యి విరిగింది. మాలాంటి వారికి ఏమైనా ఉందా అండీ?

తణుకు వకీలు:

ఉందమ్మా. బండి జాడ దొరకని ప్రమాదాల్లో 161వ సెక్షను కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2,00,000 రూపాయలు ఇస్తారు. దీనికి కోర్టు అక్కరలేదు. ఆర్.డి.ఓ. కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే విచారించి కలెక్టరుకు పంపుతారు. పోలీసు కేసు, గాయాల ధ్రువపత్రం ఉండాలి. వకీలు ఖర్చు భరించలేని వారెవరైనా మండల న్యాయసేవా కమిటీని అడగవచ్చు, మహిళలకైతే ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. వచ్చిన దాంట్లో ఇంత శాతం నాది అనే వకీలు దగ్గరకు మాత్రం వెళ్ళకండి. అలా ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలే ఒప్పుకోవు.

లంకవాసి:

ఎఫ్‌.ఐ.ఆర్‌. నకలు వచ్చింది. చివరిగా ఒక్క సందేహం. రాడ్డు తీయడానికి ఏడాది తరువాత మళ్ళీ ఆపరేషను చేయాలంటున్నారు. ఆ ఖర్చుకు అప్పుడు వేరే పిటిషను వేసుకోవచ్చా?

తణుకు వకీలు:

వేసుకోలేరు. తుది తీర్పు వచ్చాక మళ్ళీ వైద్య ఖర్చు అడగడానికి చట్టంలో వీలు లేదని, కాబట్టి ముందు ముందు అయ్యే వైద్యాన్ని ఆ తీర్పులోనే కలిపి ఇవ్వాలని 2002లో నాగప్ప వర్సెస్ గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాడ్డు ఎప్పుడు తీయాలి, ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్ళు విశ్రాంతి కావాలి అన్నది ఆపరేషను చేసిన డాక్టరు గారి చేత ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకొని, పిటిషనులో ఆ మొత్తాన్ని విడిగా చూపించండి.