ముందు తలుపుకు తాళంకప్పా, లోపలి తాళమా?

గోదావరి గట్టు:
కాకినాడ దగ్గర అమ్మానాన్నలకు ఇల్లు కడుతున్నాం. టేకు తలుపు వచ్చే వారం బిగిస్తారు. నాన్నగారికి 74 ఏళ్లు, అమ్మకు 69. నాన్నగారిది ఒకటే పట్టు: లోపల గడియ, బయట అల్‌డ్రాప్ (కప్ప వేసే పొడుగాటి ఇనుప గడియ), దానికి తాళంకప్ప. తమ్ముడేమో బెంగళూరు నుంచి వేలిముద్ర తాళం కొనుక్కొచ్చాడు, ఇంకా పెట్టె విప్పలేదు. తలుపు చెక్కలోనే ఇమిడిపోయే మార్టిస్ తాళం చాలని నా ఆలోచన. ఏటా ఓ నెల ఇల్లు ఖాళీగా ఉంటుంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

మూడో అంతస్తు:
కప్ప వద్దండీ. అది వేలాడుతోందంటే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు కట్టినట్టే. మా ఎదురింటివారు సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి కప్ప చెక్కు చెదరలేదు, అల్‌డ్రాప్ మాత్రం మరలతో సహా ఊడి నేల మీద ఉంది. లోపలి తాళమైతే మనుషులున్నదీ లేనిదీ బయటికి తెలియదు. ఎక్కువ లివర్లు, అంటే తాళంచెవి లోపల పైకి లేపే పలకలు, ఉన్నది చూసి తీసుకోండి.

వీధరుగు:
తెలియకపోవడమేమిటి? నాలుగు రోజులు గుమ్మం ముందు ముగ్గు పడకపోతే వీధి చివరి బడ్డీకొట్టు వరకూ తెలుస్తుంది! కప్ప పాడైతే పది నిమిషాల్లో ఇంకొకటి వేసుకుంటాం. లోపలి తాళం మొరాయిస్తే వడ్రంగిని వెతకాలి. దిండిగల్‌లో చేత్తో చేసే తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. అంత పేరున్న వస్తువును బోర్డు అని తీసిపారేస్తే ఎలా?

చెక్కపని:
ఇరవై ఆరేళ్లుగా తలుపులు బిగిస్తున్నాను. ఎదురింటివారి సంగతి విన్నాక కూడా ఇద్దరూ తాళం గురించే కొట్టుకుంటున్నారు. ఊడింది మరలు కదా! అల్‌డ్రాప్‌ను అంగుళం మరలతో బిగిస్తే ఎంత బరువు కప్ప వేసినా ఒక్క గునపం పోటుకు వస్తుంది. తలుపుకు అవతలి దాకా బెజ్జం వేసి బోల్టులు దూర్చి, లోపలి వైపు నట్లు బిగించమనండి. బయటికి గుండ్రటి తల తప్ప మర విప్పే గాడి కనిపించకూడదు.

మార్టిస్‌కూ ఇదే గొడవ. తలుపు మందం ముందు కొలవండి. పలచని చెక్కలో అంత గూడు తొలిస్తే రెండు పక్కలా అట్టముక్కంత మిగులుతుంది, సరిగ్గా అక్కడే తలుపు చీలుతుంది. ద్వారబంధంలో తాళం నాలుక దూరే చోట వేసే రేకుకు చిన్న మరలు కొట్టి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అక్కడ పొడుగు మరలు పడాలి. ఇంకొకటి, వానాకాలం చెక్క ఉబ్బుతుంది. నాలుక బెజ్జానికి ఎదురుగా రాక తాళంచెవిని బలవంతంగా తిప్పుతారు, విరుగుతుంది. అప్పుడు తాళాన్ని తిడతారు. నూనె పోయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రాఫైటు పొడి చాలు.

లివర్ల లెక్క అంటారా, మన దొంగ తాళంలో సూది పెట్టి తెరుస్తూ కూర్చోడండీ.

పాత ఇనుము:
సూది మాట వచ్చింది కాబట్టి. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని కిటికీలో పెట్టి, చెవి లేకుండా తెరిచినవారికి 200 గినీలు (అప్పటి ఇంగ్లండు డబ్బు) ఇస్తామని రాసింది. 1851లో హాబ్స్ అనే అమెరికన్ తెరిచాడు. పదహారు రోజుల్లో దాదాపు 51 గంటలు పట్టింది. అంత ఓపికున్నవాడు మీ ఇంటికి రాడు లెండి.

ఉప్పుగాలి:
మాది విశాఖలో సముద్రానికి దగ్గర. వేలిముద్ర తాళం మూడేళ్లు వాడాను. నాకు బాగానే పలికింది, అమ్మకు మాత్రం పూటకోసారి మొండికేసేది. అంట్లు తోమీ తోమీ వేలి గీతలు అరిగిపోయాయి. బ్యాటరీలు అయిపోయే ముందు అది కూస్తుంది, పూర్తిగా అయిపోతే 9 వోల్టుల బ్యాటరీని బయట ఆనించి తెరవాలి. వాకిట్లో నిలబడ్డ పెద్దవారు అది ఎక్కడి నుంచి తెస్తారు? పైగా మా ఉప్పు గాలికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా టీ మరకల్లా లేస్తాయి. 316 రకం కొంత మేలు.

తమ్ముడి పక్షం:
ఇంతమంది దొంగ గురించే మాట్లాడుతున్నారు. మా నాన్న ఒక తెల్లవారుజామున హాల్లో పడిపోయారు. లోపల పైగడియ వేసి ఉంది. పక్కింటివారికి ఆయన మూలుగు వినిపిస్తోంది, లోపలికి వెళ్లే దారి లేదు. తలుపు పగలగొట్టేసరికి ముప్పావు గంట గడిచింది. అంకెల తాళం ఒక్కటే వేసి ఉంటే ఫోనులో ఆ అంకెలు చెప్పేవాణ్ని.

వీధరుగు:
ఇది నేను ఆలోచించలేదు. మా ఇంట్లోనూ పైగడియే వేస్తాం.

చెక్కపని:
దానికి కరెంటు తాళమే అక్కర్లేదు. లోపల చేత్తో తిప్పే బొడిపె, బయట చెవి ఉండే సిలిండర్ తాళం దొరుకుతుంది. లోపల తిప్పి పడుకున్నా బయటి నుంచి చెవితో తెరవవచ్చు. రెండు వైపులా చెవి పెట్టేది మాత్రం వద్దు. లోపల చెవి గుచ్చి వదిలేస్తే చాలా వాటిలో బయటి చెవి దూరదు. రెండో చెవి నమ్మకమైన పక్కింట్లో ఉంచండి. స్నానాలగదికి బయటి నుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే గడియ వేయించండి. జారిపడేది ఎక్కువగా అక్కడే.

మూడో అంతస్తు:
లోపల పైగడియ అసలు పెట్టకపోతే రాత్రి భద్రత?

చెక్కపని:
సిలిండర్ నాలుక ద్వారబంధంలోకి పూర్తిగా దిగితే చాలు. పైగడియ ఉంటే అలవాటుకొద్దీ వేసేస్తారు. బిగించకండి.

గోదావరి గట్టు:
నాన్నగారికి ఈ మాటలన్నీ చదివి వినిపించాను. బొడిపె సిలిండర్‌కు ఒప్పుకున్నారు. ఊరెళ్లేటప్పటికి నట్లు బిగించిన అల్‌డ్రాప్, కప్ప కూడా ఉండాలట, సరేనన్నాను. పైగడియ దగ్గరే ఆగిపోయాం. "గడియ పడిన చప్పుడు వినకపోతే నాకు నిద్ర పట్టదురా" అంటున్నారు. వడ్రంగి గురువారం వస్తాడు. తమ్ముడి పెట్టె ప్రస్తుతానికి బీరువా మీద ఉంది.